పసివారి పుస్తకములలో నవ్వు

నవ్వు నాలుగు విధముల చేటని మనలో నొక సామెత కలదు. ఆ నాలుగు విధములేవో చెప్పుమన్నచో చెప్పగలవారిని మేమింతవరకు చూడలేదు. అయినను తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును, అందరికంటె నెక్కువగా పాఠ్యపుస్తకములు కూర్చువారును ఆ మాటను వేదవాక్యముగా నమ్మి, ఏడెనిమిదేండ్ల పిల్లల చేతికిచ్చెడు పుస్తకమున నవ్వు జొరబడకుండ నూరేండ్లకు పైగా కావలి కాచిరి. ఆ కావలి యెట్లు మొదలైనదో, దానిని మన గుంటూరు సీమవారే కొంతవరకు ఎట్లు తొలగించిరో, నేడు ప్రాథమిక పాఠశాలలోని పిల్లలకు మనము ఏ పుస్తకములీయవచ్చునో ఇచట ముచ్చటింపదలచితిమి.

మొన్నటి మాఘమాసమున మేము పల్నాటి అంచున నొక గ్రామమునకు పోయియుంటిమి. మిరపకోతలు ముమ్మరముగా సాగుచున్న దినములవి. కోతలకై కర్నూలు వైపునుండి వలసవచ్చిన కుటుంబములు చేలగట్లమీద పట్టాలు కట్టుకొని కాపురముండిరి. కల్లములో ఎండిన కాయలనుండి తాలుకాయ లేరుచున్న తల్లుల ప్రక్కన బడియీడు పిల్లలును కూర్చుండి ఏరుచుండిరి. ఊరి బడిలో బీరువానిండ పుస్తకములున్నవి, బీరువాకు తాళమున్నది. చినిగిన పుస్తకమునకు పైవారికి జవాబు చెప్పుకొనవలసివచ్చునని దానిని తెరచుట లేదట. అద్దములోనుండి రంగురంగుల అట్టలు కనబడుచుండెను. ఆ ఊరిదే, మూడవ తరగతి చదువుచున్న యొక బాలికను తన వాచకమునుండి ఒక పుట చదువుమంటిమి. గడగడ చదివినది. చదివినదేమి యని యడిగితిమి. ఆమె పుస్తకము మూసి, చేతులు కట్టుకొని, మొదటినుండి మరల ఒప్పచెప్పినది. ఆమెకు తెలివి లేదనుకొనరాదు. చదువన్న నిదియే యని ఆమెకు నేర్పబడినది.

ఇది నేటి ఫిర్యాదు కాదు. రెండువందల యేండ్లకు పూర్వమే ఇదే మాటను ఒంగోలు సీమవారొకరు చెప్పియున్నారు. వారు వెన్నెలకంటి సుబ్బారావుగారు (1784-1839). మద్రాసులోని సదరు అదాలతు న్యాయస్థానమున అనువాదకులుగా పనిచేసి, పెక్కు భాషలు నేర్చి, తమ చరిత్రను తామే ఆంగ్లమున వ్రాసికొనిరి. వారు గతించిన చాలకాలమునకు, 1873లో, అది అచ్చుపడినది. మద్రాసు స్కూల్ బుక్ సొసైటీలో సభ్యులై 1820లో వారు బడుల స్థితినిగూర్చి ఒక నివేదిక సమర్పించిరి. పిల్లలు తాము చదువుదాని యర్థము తామెరుగక వల్లించుచున్నారనియు, అక్షరములు మొదలు క్రమక్రమముగా భాష నేర్పెడి చిన్నపుస్తకములును, చిన్నకథలును కావలెననియు దాని సారము. మూడేండ్ల తరువాత, 1823లో, బళ్లారి కలెక్టరు క్యాంబెల్ దొర తన మండలములోని బడులను పరిశీలించి ఇంచుమించు అదే వ్రాసెను. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట మొదలు పద్యకావ్యములు కంఠస్థము చేయువరకు అంతయు చిలుకపలుకేయనియు, బోధించు పంతులకే అర్థము తెలియదనియు ఆయన అభిప్రాయము. వీధిబడిలో కోదండము, గుంజీలు ఉండెనుగాని నవ్వునకు చోటెక్కడిది?

అట్లని తెలుగు బిడ్డ నవ్వెరుగడనుట అన్యాయము. బడి గడప దాటినచో ఊరంతయు నవ్వే. మన బిడ్డలు చూచిన మొదటి హాస్యచిత్రములు అచ్చుబొమ్మలు కావు, తోలుబొమ్మలు. రామరావణయుద్ధము నడుమ తెరమీదికి జుట్టుపోలిగాడును, బంగారక్కయు, కేతిగాడును దుమికి వచ్చి, ఒకరినొకరు కొట్టుకొనుచు, తిట్టుకొనుచు చేయు రభసకే పిల్లలు నిద్ర మేల్కాంచి కూర్చుండెడివారు. వారి మాటలలో మోటుతనము మెండు. ఇంటిల్లిపాది కూర్చుండి వినదగనివియు కలవు. సంస్కరణాభిలాషులైన మన పెద్దలు ఆ మోటుతనమును చూచి ముఖము చిట్లించుట సహజమే. కాని మోటుతనముతోపాటు నవ్వును గూడ బయటికి నెట్టివేయుట పొరపాటైనది. బొమ్మ కదలును, మాటాడును, మాటకు బొమ్మయు బొమ్మకు మాటయు ఎదురుతిరుగును. ఈ కిటుకు తెలిసినవారు నిరక్షరాస్యులైన బొమ్మలాటగాండ్రు. పుస్తకములు చేయు పండితులకది తెలియుటకు మరి నూరేండ్లు పట్టినది.

ఇక కథల మాట. పరమానందయ్య శిష్యులను ఎరుగని తెలుగు ఇల్లు లేదు. ఇట్టి కథలే అరవమున పరమార్థగురువు పేరట కలవు. వానిని పదునెనిమిదవ శతాబ్దమున వీరమాముని యనబడు బెస్కీ పాదిరి గ్రంథముగా కూర్చెను. ఎందులకు కూర్చెనో తెలిసినచో ఆశ్చర్యము కలుగును. ఈ దేశమునకు వచ్చు పాశ్చాత్యులు వాడుకభాషను సులభముగా నేర్చుకొనుటకై దానిని వాచకముగా నుద్దేశించెను. మద్రాసు కొలువులో నుండిన బెంజమిన్ బాబింగ్టన్ దొర దానిని ఆంగ్లానువాదముతోను, పదకోశముతోను కలిపి 1822లో లండనులో అచ్చువేయించెను. సుబ్బారావుగారు మన పిల్లలకు అర్థమగు కథలు కావలెనని మొరపెట్టుకొనినది 1820లో. మన సీమ నవ్వుకథలను సీమదొరల భాషాభ్యాసమునకై లండనులో ముద్రించినది 1822లో. మీసములు వచ్చిన దొరలకు భాష నేర్చుటకు నవ్వు పనికివచ్చినది. ఏడేండ్ల తెలుగు బిడ్డకు మాత్రము పనికిరాలేదు!

మన బిడ్డకు దొరకినది బాలశిక్ష. పుదూరు సీతారామశాస్త్రిగారు కూర్చిన ఆ గ్రంథము మీద మాకు గౌరవమే కలదు. అక్షరములు, గుణింతములు, సంవత్సరముల పేర్లు, తిథులు, నక్షత్రములు, నీతివాక్యములు ఒక్కచోట చేర్చి ఎన్ని తరములకో చదువు పెట్టినది. దానిలో లేనిది నవ్వొక్కటే. తరువాత 1853లో చిన్నయసూరిగారి నీతిచంద్రిక వచ్చినది. పంచతంత్రములోని నక్కలును, ఎలుకలును, తాబేళ్ళును స్వతహాగా నవ్వు పుట్టించు జంతువులే. వానికి సూరిగారు పట్టుపుట్టములు కట్టి సభలో కూర్చుండబెట్టిరి. ఆ వచనము సొగసు పెద్దలకు. పిల్లలకు మిగిలినది ప్రతిపదార్థము.

ఇతరదేశములును మొదట ఈ త్రోవనే నడచినవి. 1844లో క్రిస్మసు పండుగకు ముందు ఫ్రాంక్‌ఫర్టు నగరమున హోఫ్‌మన్ అను వైద్యుడు తన మూడేండ్ల కుమారునకు బొమ్మలపుస్తకము కొనబోయి, అంగడిలోనున్నవన్నియు నీతిబోధలే యగుటచే విసిగి, ఒక తెల్లకాగితముల పుస్తకము కొనితెచ్చి తానే వ్రాసి, తానే బొమ్మలు గీసెను. మరుసటియేడు అచ్చైన ఆ పుస్తకము దేశదేశములకు ప్రాకినది. అందలి కథలలో పిల్లలకు పడు శిక్షలు నేటి మన మనస్సునకు కటువుగా తోచును. అయినను బిడ్డ కొరకు తండ్రి గీసిన బొమ్మ యనునది అచటనుండియే మర్యాద సంపాదించినది. మన దేశమున వంగీయులు ముందు మేల్కొనిరి. ఉపేంద్రకిశోర రాయ్ చౌధరిగారు 1913లో సందేశ్ అను బాలల పత్రిక స్థాపించిరి. వారి కుమారుడు సుకుమార్ రాయ్‌గారి ఆబోల్ తాబోల్ అను చిత్రవిచిత్ర గేయముల పుస్తకము, వారే గీసిన బొమ్మలతో, 1923లో వారు కన్నుమూసిన కొలదిదినములకు వెలువడినది. అర్థములేని మాటలతో ఆడుకొనుటయే భాష నేర్చుటకు మార్గమని ఆ తండ్రికొడుకులు గ్రహించిరి. అమెరికాలో పిల్లల వాచకములు నిస్సారముగా నున్నవను విమర్శ 1954లో చెలరేగగా, 1957లో డాక్టర్ స్యూస్ అను రచయిత కేవలము 236 వేర్వేరు పదములతో టోపీ పెట్టుకొనిన పిల్లి కథను వ్రాసి, బొమ్మలును తానే గీసి, వాచకము నవ్వించగలదని చూపెను.

తెలుగున ఈ పని బడిలో జరుగలేదు, పత్రికలలో జరిగినది. 1945 ఆగస్టులో రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాపతి రాఘవరావుగారును, అక్కయ్య కామేశ్వరిగారును మద్రాసునుండి బాల అను మాసపత్రికను ప్రారంభించిరి. నవ్వులు, పొడుపులు, బొమ్మలు, పిల్లలు తామే వ్రాసి పంపిన కథలు దాని నిండ నుండెడివి. ముళ్ళపూడి వెంకటరమణ, బాపు అను ఇద్దరు బాలురు తమ తొలిరచనలను, తొలిబొమ్మలను ఆ పత్రికకే పంపిరి. చదివిన పిల్లలే వ్రాయువారును, గీయువారును అగుదురని దీనివలన తెలియుచున్నది.

రెండేండ్లకు, 1947 జూలైలో, చందమామ వచ్చినది. దీనిని స్థాపించినవారు నాగిరెడ్డి, చక్రపాణిగారలు. చక్రపాణిగారి అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు, తెనాలివారు. మదనపల్లె ఆరోగ్యశాలలో క్షయకు చికిత్స పొందుచు వంగభాష నేర్చి, శరత్‌బాబు నవలలను తెలుగుచేసిరి. 1952 నుండి 1980లో తాము కన్నుమూయువరకు చందమామ కథలను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారును తెనాలివారే. వికటకవి రామకృష్ణుడు తన పేరునకు ముందు చేర్చుకొనిన ఊరివారు తెలుగు పిల్లలను నవ్వించుటకు పూనుకొనుట యుక్తమే కదా! పుట త్రిప్పినచోటనెల్ల బొమ్మ. ఎనిమిదేండ్ల బిడ్డ తడుముకొనక చదువుకొనగల చిన్న వాక్యము. కథ చివర నీతివాక్యము అంటించుటలేదు. చిత్ర, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య, శంకర్ మొదలైనవారు వేసిన బొమ్మలు కథకు అలంకారములు కావు, సగము కథ. చందమామ కేవలము హాస్యపత్రిక కాదు. రాక్షసులు, మాంత్రికులు, బేతాళుడు అందు హెచ్చు. అయినను పిసినారి శెట్టి, తెలివితక్కువ అల్లుడు, ఊరివారిని నమ్మించి తానే మోసపోవు దొంగ, వీరి కథలను పిల్లలు వెదకికొని మొదట చదివెడివారు. 2013 నాటికి ఆ పత్రిక నిలిచిపోయినది. పాతసంచికల కట్టలు ఇంకను కొన్ని ఇండ్ల అటకలమీద కలవు. అవి దింపి దుమ్ము దులుపుడని మా మొదటి సిఫారసు.

ఇచట ఒక్క విషయమును విడమరచి చెప్పవలసియున్నది. పరమానందయ్య శిష్యులు ఏరు దాటిన పిమ్మట తమను లెక్కించుకొను ఘట్టము అందరు నెరిగినదే. లెక్కించువాడు తన్ను తాను విడిచిపెట్టును. ఒకడు తగ్గెనని అందరు గొల్లుమందురు. ఈ కథకు ఒక బొమ్మ వేసి బిడ్డ ముందుంచుడు. బిడ్డ ఏమి చేయును? బొమ్మలోని తలలను వ్రేలితో లెక్కించును. అందరున్నారు! వాక్యమొకటి చెప్పుచున్నది, బొమ్మ మరొకటి చెప్పుచున్నది, ఈ రెంటి నడుమనున్న తేడాను తాను కనిపెట్టితినను సంతోషమే ఆ నవ్వు. వాక్యము సరిగా చదువనిదే ఆ తేడా తెలియదు. అర్థము తెలియకుండ ఒప్పచెప్పవచ్చును. అర్థము తెలియకుండ నవ్వజాలరు. సుబ్బారావుగారు 1820లో వెదకిన పరీక్ష ఇదియే యని మాకు తోచుచున్నది. ఒక తరగతిలో ముప్పదిమంది బిడ్డలకు ఒక హాస్యకథ చదువనిచ్చి, ఎవరు ఎచట నవ్విరో చూచినచో, ఎవరికి చదువు వచ్చినదో పంతులుగారికి ప్రశ్నపత్రముతో పనిలేక తెలియును.

చందమామ పిమ్మట చెప్పదగినది బుడుగు. బాలలో పెరిగిన ఆ రమణగారే దీనిని 1956-57లో ఆంధ్ర సచిత్రవారపత్రికలో వ్రాయగా, ఆ బాపుగారే బొమ్మలు గీసిరి. ఇది పిల్లల పుస్తకమా, పిల్లవానిగూర్చి పెద్దల పుస్తకమా యను వాదము మా ఇంటిలోనే యింకను తెగలేదు. రాధాగోపాళముల సంసారమును, బాబాయి విరహములును ఎనిమిదేండ్ల బిడ్డకు పట్టవు. కాని ప్రయివేటు మేష్టరును బుడుగు పెట్టు తిప్పలు ఎవరికి పట్టవు? అందలి పలుకుబడి గోదావరి సీమది. మన గుంటూరు పిల్లలకు ఒకటి రెండు మాటలు క్రొత్తగా వినబడును, అదియు మంచిదే. తల్లియో తండ్రియో ఏరి బిగ్గరగా చదివి వినిపించినచో నాలుగవ తరగతినుండియు ఈయవచ్చును. బుజ్జాయిగారి డుంబును గూడ మరువరాదు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి కుమారులైన ఈయన బాల్యమంతయు తండ్రివెంట తిరిగి, బడిచదువు సరిగా చదువక, బొమ్మలే భాషగా చేసికొనినవారు. మాటలింకను కూడబలుకుకొను బిడ్డకు గడులలో నడచు బొమ్మలకథ ఊతకఱ్ఱవలె పనిచేయును. బొమ్మలకథలు చదివినచో చదువు చెడునను భయము చదువని పెద్దలదే.

పరదేశములనుండి వచ్చినవానిలో మాకు మిక్కిలి ప్రియమైనది నాన్నారి చిన్నతనము. రష్యను రచయిత అలెగ్జాండర్ రాస్కిన్ తన కుమార్తె చెవిపోటుతో బాధపడుచుండగా ఆమెను మరపించుటకై తన బాల్యపు తెలివితక్కువపనులను చెప్పనారంభించి, తరువాత వానినే పుస్తకముగా వ్రాసెను. క్రొత్త బంతిని మోటారుబండి క్రింద పడవేసికొనిన నాన్న. పెద్దవాడనై రాత్రి కావలివాడనగుదునని యొకనాడు, మంచుమిఠాయి అమ్ముదునని మరియొకనాడు పలికిన నాన్న! తండ్రియు నొకప్పుడు తప్పులుచేసిన బాలుడేయని తెలిసికొనుటకంటె బిడ్డకు ఓదార్పేమున్నది? సోవియట్ పుస్తకములు ఒకప్పుడు విశాలాంధ్రవారి అంగళ్ళలో చవుకగా దొరకెడివి. 1991తో ఆ రాక ఆగినది. సికిందరాబాదులోని మంచి పుస్తకము వారు వానిలో కొన్నింటిని మరల అచ్చువేసి మేలుచేసిరి. 2004లో స్థాపితమైన ప్రథమ్ బుక్స్ వారి చిన్నపుస్తకములును తెలుగున కలవు. అందు శృంగేరి శ్రీనివాసుని కథ మొదటి రెండు తరగతులవారికి తగినది. ఏడాదికొకమారు క్షవరము చేయించుకొను ఆ మనిషి జుట్టు కత్తిరింపుమని ఊరంతయు తిరిగినను ఒక్కరును ఒప్పుకొనరు. పుట పుటకు ఆ జుట్టును చూచుటయే ఒక వేడుక.

నవ్వించు ప్రతిదియు పిల్లల చేతికీయదగినది కాదని గూడ చెప్పక తప్పదు. తిరునాళ్ళలో అమ్ము చవుక పుస్తకములలో తెనాలి రామకృష్ణుని పేరట చెలామణియగు కథలు కొన్ని కేవలము క్రూరములు, కొన్ని బూతు. నల్లనివారిని, లావుగా నుండువారిని, నత్తివారిని, ఒక కులమువారిని, గయ్యాళియను పేరుతో ఆడువారిని ఎగతాళి చేయుటయే పలు కథలకు ఆధారము. పైన మేము పేర్కొనిన పిసినారి శెట్టి కథ కూడ ఈ దోషమునుండి పూర్తిగా తప్పించుకొనలేదు. తరగతిలో నత్తివాడొకడు కూర్చుండియుండగా నత్తివాని కథ చదివి ఇరువదితొమ్మండుగురు నవ్వినచో ఆ ముప్పదవవాడు పుస్తకమును జన్మలో ముట్టడు. తెలివితక్కువవానిని చూచి నవ్వు కథలోకూడ, చివరకు ఆ తెలివితక్కువతనము మనలోను కలదని తెలియునట్టిది మేలు. లెక్క తప్పిన శిష్యులు అట్టివారే. తనను తాను మరచుట ఎవరికి లేదు?

పుస్తకములున్నవి, పిల్లలకు చేరుటయే కష్టము. ఇదియు మన సీమకు తెలియని విద్య కాదు. వేటపాలెములో సారస్వతనికేతనము 1918లో వెలసినది. దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు తెనాలి సీమలో పడవమీద గ్రంథాలయము నడిపి, కాలువగట్టు పల్లెలకు పుస్తకములు చేర్చిరి. కాలువమీద పడవ పోయినచోట మిరపచేలకు ఒక పెట్టె పోలేదా? 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి బడిలోను గ్రంథాలయముండవలెననియు, అందు కథలపుస్తకములును ఉండవలెననియు విధించుచున్నది. బీరువాకు తాళము వేయుమని అందెక్కడను లేదు. కోతలకాలమున బడి మాని కల్లములో కూర్చుండు పిల్లలకు పది సన్నని పుస్తకములను గోనెసంచిలో వేసి పంపినచో, కారము పూసిన చేతులతో కొన్ని పాడగును. నాలుగణాల నష్టమునకు మన చట్టముగాని, లెక్కల తనిఖీగాని కూలిపోదు. తల్లులకు అక్షరములు రాని ఇండ్లలో ఆ పుస్తకము మొట్టమొదటిది. అది బొమ్మలతో, నవ్వుతో వచ్చినదా, ఒప్పచెప్పుమను ఆజ్ఞతో వచ్చినదా యనుటమీద ఆ ఇంట రెండవ పుస్తకము అడుగుపెట్టుట ఆధారపడియున్నది.

ఆ పల్నాటి గ్రామమున, ఒప్పచెప్పిన బాలిక చేతికి మా సంచిలోనున్న పరమానందయ్య బొమ్మలపుస్తకమునిచ్చితిమి. మొదట చేతులు కట్టుకొని నిలువబోయినది; వలదంటిమి. అరుగుమీద కూర్చుండి, ఒక్కొక్క మాటయు కూడబలుకుకొనుచు ఏటిగట్టువరకు చదివినది. అచట ఆగి, వ్రేలితో బొమ్మలోని తలలు లెక్కించినది, మరల లెక్కించినది. తరువాత నవ్వు ఆపుకొనలేక పుస్తకముతో పాటు కల్లమువైపు పరుగెత్తి, తాలుకాయ లేరుచున్న వలసపిల్లల నడుమ చతికిలబడి, మొదటినుండి వారికి చదువసాగినది. ఏమి నవ్వులే యవి యని ఒక తల్లి చేతిలో కాయలతో తలయెత్తి అడిగినది. "వాణ్ణి వాడు లెక్కేసుకోలేదమ్మా!" అని పిల్లలందరు ఒక్కసారిగా అరచిరి.